పంటి గుంటల్లో వేళ్ళు

అన్నంలో రాయి తగిలితే ఎవరైనా తీసి పక్కన పెట్టి, కాసేపు సణిగి, మళ్ళీ తింటారు. ఆ సెలవురోజు మధ్యాహ్నం ఆమె పంటికింద పడింది రాయి కాదు. నమిలితే నలగలేదు, సాగింది. తీసి చూసుకుంది. పసుప్పచ్చగా, బఠాణీ పొట్టంత, అంచులు గట్టిపడిన తోలు ముక్క. ఎక్కడిదా అని వెతుక్కోవలసిన పనే లేకపోయింది. ఎదురుగా కూర్చుని ఆవురావురుమంటూ తింటున్న బావగారి అరచేతిలో, చూపుడువేలు మొదట్లో, సరిగ్గా అంత మేర చర్మం లేచిపోయి ఎర్రగా మెరుస్తోంది.

ఆమె చటుక్కున లేచింది. కంచం అక్కడే వదిలేసి స్నానాలగదిలోకి పరుగెత్తింది. తిన్నదంతా బయటికి వచ్చాక కూడా నాలుక మీద ఆ సాగుడు పోలేదు.

"ఏమైందమ్మా? ఒంట్లో బాలేదా?" అని బయటినుంచి బావగారి గొంతు.

"వేళకి తినదన్నయ్యా. ఎంత చెప్పినా వినదు," అని మొగుడి గొంతు.

సంగతేమిటంటే, బావగారు వంటింట్లో బియ్యం డబ్బాలోనే వేళ్ళకు కసరత్తు చేస్తున్నాడు. మణికట్టు దాకా చెయ్యి ముంచడం, గింజల్లో వేళ్ళు విప్పడం, మూయడం, మెలితిప్పడం. చెమట చేతులు. పైగా పట్టు జారకుండా ఉండడానికని ముంచేముందు అరచేతుల్లో తుపుక్కున ఉమ్ముకుంటాడు. ఆ బియ్యమే రోజూ పొయ్యి మీదికి ఎక్కుతున్నాయి. ఎవరికీ చెప్పకుండా చేశాడా అంటే అదీ కాదు. అడిగితే దాచకుండా చెప్పాడు.

"దానికేముందమ్మా? ఎలాగూ కడిగేగా వండుతావు?"

ఈ వేళ్ళ పిచ్చి ఆయనకు మొదటినుంచీ లేదు. గోడౌనులో సరుకు దింపించే పని మానేసి, తమ్ముడి ఇంటికి వచ్చి చేరిన కొత్తలో ఒకరోజు ఏదో సీసా మూత తిప్పబోయాడు. రాలేదు. తువ్వాలు చుట్టి తిప్పాడు, గుమ్మానికి ఆనించి తిప్పాడు, మొహం కందగడ్డ చేసుకుని తిప్పాడు. అటుగా పోతూ ఆమె ఆ సీసా అందుకుని మూత తీసి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆమెకది గుర్తు కూడా లేదు. ఆయన మాత్రం మర్నాడే వెళ్ళి చేతి స్ప్రింగులు కొనుక్కొచ్చుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. వీధి చివర వ్యాయామశాలలో ఎవడో మహానుభావుడు, పిడికిలి మొత్తాన్ని ఒకేసారి బిగిస్తే లాభం లేదు, వేలు వేలికీ విడిగా బలం తెప్పించాలి అని చెవిలో ఊదాడు. అంతే, ఇంట్లో ప్రశాంతత గంగలో కలిసింది.

అప్పటినుంచి ఆయనకు వేళ్ళు వేళ్ళు కావు, పెంచుకుంటున్న పిల్లలు. పొద్దున్న లేచినప్పటినుంచి వాటి కబుర్లే. చూపుడువేలు చెప్పిన మాట వింటుందట. నడిమివేలు మొండిదట, కానీ నమ్మొచ్చట. ఉంగరంవేలు ఒట్టి సోమరిపోతు, పక్కవాళ్ళు లేస్తే తప్ప లేవదట. చిటికెనవేలిని అందరూ తీసిపారేస్తారు గానీ అసలు పట్టుకు ప్రాణం అదేనట. నీళ్ళ క్యాను పిడికి ఒక్క వేలు తగిలించి హాలంతా పచార్లు చేస్తాడు. గుమ్మం పైచెక్కకు రెండు వేళ్ళతో వేలాడి, బుసలు కొడుతూ, బనీను పైకి లేచి బొడ్డు కనిపిస్తుంటే, దారి కావాలన్నవాళ్ళను నిలబెట్టేస్తాడు. వేళ్ళ మీద కాయలు కాస్తే బ్లేడుతో గీస్తాడు, మిగిలింది పళ్ళతో పీకి ఉఫ్ఫున ఊదుతాడు. అందరూ భోంచేసే బల్ల మీదే. ఆ పొట్లు ఊడ్చినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు జలదరించేది. వీధిలో వాళ్ళు ఆయనకు ‘ఉడుంపట్టు’ అని పేరు పెట్టారు. అది వెక్కిరింతో మెచ్చుకోలో ఆయన కనుక్కోలేదు, మెచ్చుకోలు కిందే జమ వేసుకున్నాడు.

మొగుడితో చెప్పి చూసింది. అతను సిటీబస్సు డ్రైవరు. అమ్మానాన్నా పోయాక అన్నయ్యే సాకి, చదివించి, చేతిలో స్టీరింగు పెట్టించాడు. అన్నయ్య అంటే అతనికి వల్లమాలిన ప్రేమ.

"ఈ వయసులో ఆయనకి అదొక్కటే సరదా. తాగుతాడా, తిరుగుతాడా? వేళ్ళేగా!"

"ఆ వేళ్ళు నా అన్నంలోకి వస్తున్నాయి."

"ఛీ, అదేం మాట? పెద్దాయన వింటే బాధపడతాడు."

పెద్దాయన బాధపడకూడదు, ఆమె మాత్రం పెద్దాయన తోలు తినవచ్చు. ఎదురు చెప్పలేదు గానీ, ఆ పూటే బియ్యం డబ్బాకు తాళం వేసింది. తాళం చూసి ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు, అన్నయ్య మొహం చూసి తమ్ముడు మాట్లాడడం మానేశాడు. ఇల్లు ఉడికిపోతుంటే తట్టుకోలేక, ఆయన చేతులకు వేరే ఏదైనా పని చూపిద్దామనుకుంది. అక్కడే పెద్ద పొరపాటు జరిగింది. అప్పటికది తెలివైన పనిలాగే కనిపించింది మరి.

ఆమె పనిచేసేది కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో. పళ్ళ ఆసుపత్రి వెనకవైపు, పొడుగాటి గది. ముందువైపు డాక్టరు రోగి నోట్లో రబ్బరు ముద్ద పెట్టి, కరిపించి, గట్టిపడ్డాక తీస్తాడు. దాన్ని అచ్చు అంటారు. అందులో ఎవరి పన్ను ఎక్కడుందో, ఎంత లోతో, ఎటు వంగిందో అన్నీ గుంటలుగా పడతాయి. వెనక గదిలో ఆమె ఆ గుంటల్లో ప్లాస్టరు పోస్తుంది. ఎండాక అచ్చు ఊడదీస్తే ఆ మనిషి పళ్ళే తెల్లగా బల్ల మీద ఉంటాయి. తోటివాళ్ళు ఆమెను ‘అచ్చులమ్మాయి’ అంటారు. ఎవరి నోరైనా ఆమెకు రోత లేదు. పాచి పట్టినవి, పుచ్చినవి, అన్నం మెతుకు ఇరుక్కుని వచ్చినవి అన్నీ కడిగి పనిచేసింది. నోరంటే పని. పనైపోయాక పాత అచ్చులు చెత్తబుట్టలో పడతాయి.

ఆ బుట్టలోంచి ఒకటి తీసి, కడిగి, సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చింది. అచ్చం ఆడుకునే రబ్బరు బంతిలా ఉంటుంది, నొక్కితే అణిగి మళ్ళీ లేస్తుంది.

"బావగారూ, బియ్యం వదిలేయండి. దీన్ని పిసుక్కోండి."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. గుంటలు చూశాడు. చూపుడువేలు ఒక గుంటలో, నడిమివేలు పక్క గుంటలో, ఉంగరంవేలు ఆ పక్కదాంట్లో దూర్చాడు. ఒక్కో వేలికీ ఒక్కో గూడు. ఏ వేలు నొక్కాలంటే ఆ వేలే. మొహం చేటంత అయింది.

"అబ్బ! నాకోసమే చేసినట్టుందే! ఇది నీ బుర్రేనా అమ్మా?"

అప్పటినుంచి వారానికొకటో రెండో తెచ్చేది. సంచీ తలుపు పక్క కొక్కేనికి తగిలిస్తే, ఆయనే అందులో చెయ్యిపెట్టి తీసుకునేవాడు. సంచీలో అచ్చు ఉందంటే అది ఆయనది. ఆ ఇంట్లో ఎవరూ అనకుండానే స్థిరపడిపోయిన మాట అది.

బియ్యం బతికాయి. కానీ ఆమె కళ్ళకు కొత్త నరకం మొదలైంది. ఆయన కుర్చీలో కాళ్ళు చాపుకుని, ఎవరి నోట్లోనో నాలుగు వేళ్ళూ దూర్చి పిసుకుతూ వ్యాఖ్యానం చెప్పేవాడు.

"ఈయన దవడ పళ్ళు లావమ్మా. బొటనవేలు కూడా పట్టింది."

లేకపోతే, "ఈవిడెవరో పాపం, పళ్ళన్నీ చిన్నవి. చిటికెనవేలు తప్ప దూరడం లేదు." వేళ్ళు గుంటల్లోంచి తీస్తుంటే చప్‌ చప్‌మని చప్పుడయ్యేది. చెమటకు లోపల తడి ఊరేది. ఆ చప్పుడు పక్కగదిలోకి కూడా వినిపించేది. ల్యాబులో ఏనాడూ రోత పుట్టని నోళ్ళు, ఇంట్లో ఆ వేళ్ళ మధ్య చూస్తే డోకు వచ్చేది. ఆమె తలుపేసుకుని కూర్చునేది.

ఇలా ఉండగా ల్యాబులో ఆమెకు ఒక అవకాశం వచ్చింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పళ్ళు అమర్చే పెద్దాయన పని మానేస్తున్నాడు. అచ్చులు పోయడం ఎవరైనా నేర్చుకుంటారు. మైనం మీద పన్ను పన్నుగా పేర్చి, ఒక మొహానికి నవ్వు తెప్పించడం ఆ కుర్చీ పని. ఆమె ఏళ్ళ తరబడి ఆ కుర్చీ వైపు చూస్తూనే ఉంది. పళ్ళసెట్లకు మెరుగుపెట్టే పాలిషాయన కూడా చూస్తున్నాడు. ఓనరు ఇద్దరినీ చూసి, కొత్తగా వచ్చిన కేసు ఆమెకు ఇచ్చాడు.

"ఇది నీ చేత్తో మొదటినుంచీ చివరిదాకా చెయ్యి. బాగా వస్తే కుర్చీ నీదే."

ఆ కేసు బస్టాండులో మైకు ముందు కూర్చునే అనౌన్సరమ్మది. ఊళ్ళో ఆవిడ మొహం ఎరగనివాళ్ళున్నారేమో గానీ గొంతు ఎరగనివాళ్ళు లేరు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎంత ఆలస్యమో ఆవిడ చెబితే తిట్టుకునేవాళ్ళు కూడా తిట్టు ఆపి వినేవాళ్ళు. చిగుళ్ళు చెడిపోయి పళ్ళన్నీ తీసేయాల్సి వచ్చింది. తీసేముందు డాక్టరు అచ్చు తీశాడు. అచ్చు ఆరేలోపు ఆవిడ ఆమె దగ్గరకు వచ్చి, పెదవి పైకెత్తి చూపించింది.

"చూడమ్మాయ్, ఈ ముందుపన్ను కాస్త లోపలికి వంగింది కదా. చిన్నప్పుడు దీన్ని చూసి ఏడ్చేదాన్ని. తీరా చూస్తే నా గొంతు వచ్చేది దీని పక్కనుంచే. తిన్నగా ఉండే పళ్ళు పెట్టారంటే నేను మైకు ముందు ఈలలు వేసుకోవాలి. నాకు అందమైన పళ్ళొద్దు. ఇవే కావాలి."

"ఇవే వస్తాయి మేడమ్. వెంట్రుకవాసి తేడా రానివ్వను."

ఆ మాట మీద ఆవిడ వెళ్ళి కుర్చీలో పడుకుని పళ్ళన్నీ పీకించుకుంది. ఆ పన్ను ఎటు వంగిందో చెప్పడానికి ఇక లోకంలో మిగిలింది ఆ అచ్చు ఒక్కటే.

సరిగ్గా ఆరోజే ప్లాస్టరులో బుడగలు రాకుండా కుదిపే యంత్రం మోటారు కాలిపోయింది. రేపటికి గానీ బాగవదన్నారు. రబ్బరు అచ్చుకు ఒకరోజు ఆగితే వచ్చే నష్టమేమీ లేదు. అల్మరాలో పెట్టి ఇంటికి పోవాలి, ల్యాబు పద్ధతి అది. ఆమె అల్మరా తలుపు తీసింది. వెనకాల పాలిషాయన ఈలవేసుకుంటూ తచ్చాడుతున్నాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చే అలవాటు అతనిది. తను వచ్చేసరికి అచ్చు పోసేసి, ‘నీకెందుకు శ్రమ అని నేనే పోశాలే’ అంటే? చెయ్యి తగిలించాక కేసు ఇద్దరిదీ అవుతుంది. ఆమెకు మనసొప్పలేదు. పట్టి ఉంచే ట్రేలోంచి అచ్చు ఊడదీసి, తడిగుడ్డలో చుట్టి, సంచీలో పెట్టుకుంది.

ఇంటికి వెళ్ళి, సంచీని రోజూలాగే కొక్కేనికి తగిలించి, స్నానానికి వెళ్ళింది. ఒక్కోసారి చేతులు మనిషిని అడగకుండానే అలవాటైన పని చేసేస్తాయి.

ఒంటిమీద నీళ్ళు పోసుకుంటుంటే హాల్లోంచి చప్పట్లు వినిపించాయి. ఈలలు కూడా. ఏమిటా అని బట్టలు చుట్టుకుని వచ్చింది. బావగారు హాలు మధ్యలో నిలబడి ఉన్నాడు. మొహం చెమటతో నిగనిగలాడుతోంది. కుడిచెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. చిటికెనవేలికి రబ్బరు ముక్క ఒకటి ఉంగరంలా వేలాడుతోంది. నేలమీద ఇంకో రెండు ముక్కలు. పక్కన తడిగుడ్డ.

"చిటికెనవేలు!" అని అరిచాడు మొగుడు, ఆమెను చూడగానే. "వట్టి చిటికెనవేలితో చింపేశాడు! కొత్త రబ్బరు, ఇంకా బిగువు మీద ఉంది. ఎవడివల్లా కాదు! నువ్వు చూసి ఉండాల్సింది!"

బావగారు సిగ్గుపడ్డాడు. "ముందుపన్ను దగ్గర ఒక వంపుందమ్మా. వేలు భలే తగులుకుంది అక్కడ. అక్కడ పట్టు దొరికిందంటే..." అని వేలు వంచి చూపించాడు.

ఆమె దగ్గరకు వచ్చింది. కింద కూర్చుని ముక్కలు ఏరుకుంది. దవడ వైపు రెండు ముక్కలూ బాగానే ఉన్నాయి. ముందువైపు తునాతునకలు. వంకరపన్ను గుంట గోడ పీలికలుగా ఊడి, ఆయన గోటి సందుల్లో ఇరుక్కుంది. దాన్ని ఆయన గోటిలోంచి తీయడానికి ఆయన చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. వెచ్చగా, తడిగా, జిడ్డుగా ఉన్న ఆ వేళ్ళు పట్టుకున్నప్పుడు ఆమెకు కలిగిన అసహ్యం అంతా ఇంతా కాదు.

"ఇది బుట్టలోది కాదు బావగారూ. ఇది ఇంకా పొయ్యనిది. ఆవిడకి పళ్ళు తీసేశారు. మళ్ళీ అచ్చు తీయడానికి నోట్లో ఏమీ లేవు."

బావగారు ఎత్తిన చెయ్యి దించేశాడు. "సంచీలో ఉంటే... రోజూలాంటిదే అనుకున్నానమ్మా."

"పోనీలే, ఊళ్ళో పళ్ళకి కరువా? ఇంకేవో పెడతారు," అన్నాడు మొగుడు. అని ఊరుకున్నా బాగుండేది. "ఆ ముక్క పారేయకు. వ్యాయామశాలలో చూపించాలి."

బావగారంటే రోత ఆమెకు కొత్త కాదు. ఆ సాయంత్రం మొదటిసారి మొగుడిని చూస్తే రోత పుట్టింది. అది ఇంకా కష్టంగా ఉంది, ఎందుకంటే బావగారి నుంచి తలుపేసుకోవచ్చు.

పొద్దున్న వెళ్ళి ఓనరు బల్ల మీద ముక్కలు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఓనరు ముక్కల్ని కలిపి చూశాడు. విడదీశాడు. తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు. దవడ కొలతలున్నాయి, ఫొటో ఉంది. ముందువైపు అందాజుగా లాగించెయ్. ఈలొస్తే, కొత్త పళ్ళు కదా మేడమ్, అలవాటవుతుంది అందాం. అందరికీ అదేగా చెబుతాం. కుర్చీ నీకే ఇస్తాను, సరేనా? ఇది బయటపడితే ల్యాబు పరువు పోతుంది."

"ఫొటోలో పన్ను వెడల్పు తెలుస్తుంది సార్. లోపలి వాలు తెలియదు. ఆవిడ గొంతు దాంట్లోనే ఉంది."

"గొంతు గురించి నువ్వు బెంగపడకు. నీ కుర్చీ చూసుకో."

ఎంత తేలిగ్గా అన్నాడు! ఆమెకు ఆయన బల్ల, ఆయన నున్నటి గెడ్డం, ఆయన కలుపుగోలు నవ్వు అన్నీ జిడ్డుగా కనిపించాయి. తనొక్కతే శుభ్రంగా ఉన్నట్టనిపించింది. నిజం చెప్పాలంటే, ఆ కోపంలో కొంచెం హాయి కూడా ఉంది.

"నేను ఆవిడకి చెప్పేస్తాను సార్."

"చెప్పుకో. కానీ కుర్చీ మాత్రం మర్చిపో," అని ఓనరు అప్పటికప్పుడే పాలిషాయన్ని పిలిచాడు.

అనౌన్సరమ్మ చిగుళ్ళు చూపించుకోవడానికి వచ్చేరోజు, ఆమె ఇంట్లో బావగారి ముందు నిలబడింది. "మీరు నాతో రండి. ఆవిడకి మీరే చెప్పాలి," అంది. మొగుడు లేచాడు.

"అన్నయ్యని బజారుకీడుస్తావా?"

బావగారు అతన్ని కూర్చోమని సైగచేసి, ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు. దారి పొడుగునా చేతులు జేబుల్లోంచి తీయలేదు.

ల్యాబులో అనౌన్సరమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. బుగ్గలు లోపలికి పోయి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. గుర్తుపట్టడం కష్టమయింది. ఆమె ముక్కల్ని ఆవిడ ముందు పెట్టి, బావగారు రోజూ పిసికేవాటిలాంటిదే అనుకున్నాడని మొదలుకొని అంతా చెప్పింది. పాలిషాయన ఈర్ష్యను, ఓనరు సలహాను, కుర్చీ పోయిన సంగతిని కూడా చెప్పింది. ఎక్కడా గొంతు వణకలేదు. చివర్లో బావగారు ముందుకు వచ్చి తలవంచుకున్నాడు.

"తెలియక చేశానమ్మా. క్షమించండి." ఏం చేయాలో తోచక, జేబులోంచి కుడిచెయ్యి తీసి ఆవిడ ముందు చాపాడు.

ఆవిడ ఆ చేతిని చూసింది. కాయలు, బ్లేడు గీతలు, పీకిన చర్మం, లావెక్కిన చిటికెనవేలు. రుమాలు తీసింది. పళ్ళు లేని నోట్లోంచి మాట గాలిగా, మెత్తగా వచ్చింది గానీ, వినేవాళ్ళు ఆగి వినేలా మాట్లాడడం ఆవిడకు పోలేదు.

"వెళ్ళి ముందు చేతులు కడుక్కోండి. నా నోట్లో పెట్టిన వేళ్ళవి."

బావగారు మారుమాట లేకుండా మూల ఉన్న సింకు దగ్గరకు వెళ్ళాడు. కొళాయి తిప్పాడు. ఆమెకు కడుపు చల్లబడింది. ఇన్నాళ్ళూ తను అనలేకపోయిన మాట ఒకరు ఆయన మొహం మీద అన్నారు.

అనౌన్సరమ్మ ఆమె వైపు తిరిగింది.

"నాకంటే ముందు ఆయనకి ఎందరి నోళ్ళు ఇచ్చావు?"

"మేడమ్?"

"ఆ ముక్కల గురించి చెప్పావు. కుర్చీ వదులుకున్నానన్నావు. బాగానే ఉంది. నాదంటే పొరపాటున ఇచ్చావు. మిగతావి కావాలనే ఇచ్చావుగా? వాళ్ళకి కూడా చెప్పావా?"

పారేసినవే కదా మేడమ్ అందామని నోరు తెరిచింది. ఆ లావాటి దవడ పళ్ళాయన గుర్తొచ్చాడు. నవ్వుతూ వచ్చి, నవ్వుతూ వెళ్ళిన మనిషి. ఆ చిన్న పళ్ళావిడ గుర్తొచ్చింది. చప్‌ చప్‌మనే ఆ చప్పుడు గుర్తొచ్చింది. తన అన్నం శుభ్రంగా ఉండాలని, వాళ్ళందరి నోళ్ళూ తనే స్వయంగా కడిగి, సంచీలో మోసుకెళ్ళి, ఆ వేళ్ళకు అందించింది. బావగారికి వాళ్ళెవరో తెలియదు, ఆయనకవి రబ్బరు ముక్కలు. ఎవరి నోరేదో తెలిసిన మనిషి ఆ ఇంట్లో తనొక్కతే.

తెరిచిన నోరు మూసుకుంది. ఇన్నాళ్ళూ ఎవరిని చూసినా పైకి తన్నుకొచ్చిన డోకు ఈసారి ఎవరిమీదికీ పోలేదు, లోపలే ఉండిపోయింది.

"ఎవరికీ చెప్పలేదు మేడమ్," అంది.

అనౌన్సరమ్మ రుమాలు మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుంది. సింకు దగ్గర బావగారు ఒక్కో వేలే రుద్దుకుంటున్నాడు, బొటనవేలి దగ్గర మొదలుపెట్టి. ఆమె వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.

"ఆ సబ్బు ఇలా ఇవ్వండి బావగారూ," అంది.